మావయ్యా, నలుగురు నకాబ్ భయ్యాలూ

మా మావయ్య పోయాడు. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, భిలాయి స్మృతి నగర్ ఇంట్లో, అన్నం తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. బావ ఫోన్ చేసి "నాన్న పోయారే" అన్నాడు. మళ్ళీ తనే, "పొద్దున్న గడ్డం గీశాను. నున్నగా వచ్చిందిరా అని మెచ్చుకున్నారు కూడా" అన్నాడు.

భిలాయిలో చాలాకాలం ఉన్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆయన మీకు స్టీల్ ప్లాంటు లాబొరేటరీలో ఆఫీసరుగానో, తెలుగు సంఘం హాల్లో నెలకోసారి సినిమా వేసే మనిషిగానో గుర్తుండి ఉంటాడు. కొందరికి మరోలా గుర్తుండవచ్చు. ఆ మరోలా అన్నది ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆయన ఉండగా రాయనిచ్చేవాడు కాదు.

మా నాన్నది రైల్వే ఉద్యోగం. మేం భిలాయి-3లో ఉండేవాళ్ళం. మంచి బడి ప్లాంటు వాళ్ళ క్వార్టర్లుండే సెక్టారులో ఉండడంతో వారమంతా నేను మావయ్య క్వార్టరులోనే ఉండి చదువుకున్నాను. ఇంట్లో మావయ్య, అత్తయ్య, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దవాడైన బావ. మావయ్యది విజయనగరం. పొడగరి. డ్యూటీ నుంచి రాగానే చొక్కా మడతపెట్టి కుర్చీ వీపుకు వేసేవాడు, టీ తాగిన గ్లాసు తనే కడుక్కునేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. సినిమా సంగతి వస్తే మాత్రం ఆయన్ని ఆపడం అత్తయ్య వల్ల కూడా అయ్యేది కాదు.

అందులోనూ ఒక్క రకం సినిమాలు. ఒక సాధువు ఇచ్చిన నల్ల ముసుగు కట్టుకుంటే చాలు, ఒంటికి గుండు తగలదు, ఎంత మేడ మీంచైనా దూకగలడు, అలాంటి ఒక వీరుడి సినిమాలు. తెర మీద అతనికి ఏదో పెద్ద పేరుండేది. మా వీధి పిల్లలందరికీ అతను నకాబ్ భయ్యా, అంటే ముసుగన్న. మా చిన్నప్పటి నుంచి నేను కాలేజీకి వచ్చేదాకా ఆ వీరుడివి మూడు సినిమాలు చూశాం. మూడింటిలోనూ ముసుగు ఒకటే. దాని వెనక మనిషి మాత్రం ప్రతిసారీ వేరు. ఆ ముగ్గురికీ మావయ్య పేర్లు వాడేవాడు కాదు. మొదటివాడు, రెండోవాడు, మూడోవాడు, అంతే.

మొదటివాడి సినిమా అప్పటికే పాతది, నలుపూ తెలుపూ. రీళ్ళు ఎక్కణ్ణుంచో తెప్పించి సంఘం హాల్లో తెల్ల దుప్పటి మీద మావయ్యే వేశాడు. ఆ నటుడు కాస్త లావు మనిషి. ముసుగు ముడి వేసుకోవడానికే చాలాసేపు తీసుకునేవాడు. దూకే ముందు ప్రతిసారీ గోడ అంచున ఆగి కిందకి చూసేవాడు. హాల్లో పిల్లలమంతా పడీపడీ నవ్వాం.

ఇంటికి వస్తుంటే మావయ్య నన్నడిగాడు.

"ఏటే, ఎందుకలా నవ్వారు?"

"దూకడానికి భయపడుతున్నాడు కద మావయ్యా."

"గుండు కూడా తగలని మనిషికి భయమేటి?"

నేను ఆయన ముఖంలోకి చూశాను.

"కింద ఎవరైనా ఉన్నారేమోనని చూస్తున్నాడే. తనకేం కాదని తెలుసు. కిందనున్నోళ్ళకి అవుతాది కదా" అన్నాడు మావయ్య.

తర్వాత రెండు మూడేళ్ళకు రెండోవాడు వచ్చాడు. ఈసారి రంగుల్లో, టౌనులో థియేటర్లో. అందగాడు. ముసుగు వేసుకున్నా జుట్టు చెదరదు. నవ్వుతూ కొడతాడు, కొట్టాక చేతులు దులుపుకుంటాడు. బావకి అతనంటే పిచ్చి. భోజనాల దగ్గర తండ్రీ కొడుకులు ఇద్దరూ వాదించుకునేవారు.

"మీ మొదటివాడు పరిగెడితే ఆయాసం వస్తాది నాన్నా. హీరో అలా ఉంటాడా?"

"నీ రెండోవాడు మంచోడే. కాకపోతే ఎప్పుడూ ఎదురుగా అద్దం ఉన్నట్టే ఉంటాడు."

"మరి బాగున్నాడా లేదా, అది చెప్పండి."

"బాగున్నాడ్రా. అందుకే అద్దం."

అన్నాలయ్యాక మావయ్య తువ్వాలు ముక్కు కిందనుంచి బిగించి కట్టుకుని, కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా నడిచేవాడు. ఇప్పుడు నేనెవరిని అని మమ్మల్ని అడిగేవాడు. ఒకసారి వేళ్ళు తడబడుతూ, ఒకసారి చేతులు దులుపుకుంటూ. ఇట్టే చెప్పేసేవాళ్ళం. "ముఖం కప్పేస్తే మనిషి దాగిపోతాడనుకుంటారు గానీ, చేతులు దాగవు" అనేవాడు. ఆఫీసరు గారి వేషాలు అయ్యాయా, గిన్నెలు తీస్తారా అని అత్తయ్య నవ్వేది. ఆ ఇంట్లో అంత నవ్విన రోజులు తర్వాత ఎక్కువ రాలేదు.

మూడోవాడి సినిమా వచ్చేసరికి నేను కాలేజీలో చేరాను. బావ డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నాడు. మ్యాటినీకి మావయ్యా నేనూ ముందు వెళ్ళాం. బావ తన స్నేహితులతో వచ్చి వెనక వరసల్లో కూర్చున్నాడు. ఈ మూడోవాడు నవ్వడు. మాట్లాడడు. చివర్లో విలన్ని స్తంభానికి కట్టేస్తారు. వాడు ఏడుస్తాడు, తప్పయిందంటాడు. మూడోవాడు అది విని, ఒకసారి మన వైపు, అంటే చూస్తున్న జనం వైపు తలతిప్పి చూసి, గొలుసు తీసుకుని కొట్టడం మొదలుపెడతాడు. ఎంతకీ ఆపడు. హాలు హాలంతా లేచి నిలబడి ఈలలు వేసింది. "ఔర్ మార్, ఔర్ మార్", ఇంకా కొట్టు అని వెనకనుంచి అరుపులు.

మావయ్య కూడా లేచాడు, ఇంటికి వెళ్ళిపోదామని. సినిమా మధ్యలో ఆయన లేవడం నేను చూడడం అదే మొదటిసారి. "బైఠో అంకుల్", కూర్చో అని ఎవరో కసిరారు. బయటికొచ్చి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు.

"నచ్చలేదా మావయ్యా?"

"బాగా చేశాడే. ముగ్గురిలోకీ వీడే గొప్ప నటుడు. అదే భయంగా ఉంది" అన్నాడు. కొంచెం ఆగి, "మనవాడూ ఈల వేశాడు. విన్నావా?" అన్నాడు.

విన్నాను. బావ ఈల నాకు ఎక్కడైనా తెలుస్తుంది.

ఆ ఎండాకాలమే మా సెక్టారులో దొంగతనాలు మొదలయ్యాయి. సైకిళ్ళు, గ్యాసు సిలిండర్లు, ఆరేసిన చీరలు. కుర్రాళ్ళు కొందరు కలిసి కాపలా పెట్టుకున్నారు. నల్ల రుమాళ్ళు ముఖానికి కట్టుకుని, హాకీ కర్రలు పట్టుకుని తిరిగేవారు. ఎవరు ఎవరో ఎవరూ చెప్పేవారు కాదు, అందరికీ తెలుసు. మొదట్లో అంతా సంతోషించాం. ఆడవాళ్ళు పిలిచి టీలు ఇచ్చేవారు. దొంగతనాలు కూడా తగ్గాయి.

"కాపలాకి ముసుగెందుకురా?" అని మావయ్య ఒక పొద్దున్న బావని అడిగాడు.

"నాకేం తెలుసు నాన్నా."

"తెలిసినంతే చెప్పు."

"ముఖం తెలిస్తే ఎవడూ భయపడడు కదా."

"ముఖం తెలిస్తే కొట్టేవాడికి కూడా కొంచెం భయముంటాది" అన్నాడు మావయ్య. బావ ఇడ్లీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

ఒకరోజు కాలేజీ నుంచి వస్తుంటే మా వీధిలో నాలుగిళ్ళ దండేల మీద నల్ల రుమాళ్ళు ఆరుతున్నాయి. గాలికి ఒకేలా కదులుతున్నాయి. మా పెరట్లో కూడా ఒకటి ఉంది. అత్తయ్య దాన్ని తువ్వాళ్ళ వెనక ఆరేసింది. నేను చూశానని తెలిసి, లోపలికెళ్ళి నీళ్ళు తాగమంది.

ప్లాంటు కూలీలుండే క్యాంప్ 1 దగ్గర సైకిలు దొంగ అని ఒకణ్ణి ఆ కాపలా కుర్రాళ్ళు పట్టుకుని కొట్టారు. సైకిలు వాడిదే అని తర్వాత తేలింది. అప్పటికే వాడు కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. పాలబూత్ దగ్గర ఆ సంగతి చెప్పుకుని నవ్వినవాళ్ళున్నారు. తర్వాత మరో పుకారు పుట్టింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు దిగారని, వేషాలు మార్చి తిరుగుతున్నారని. ఎవరి పిల్ల పోయిందో ఎవరికీ తెలియదు. అయినా తల్లులు పిల్లల్ని సాయంత్రం ఆటలకు పంపడం మానేశారు. మైదానంలో ఊయలలు ఖాళీగా ఉండేవి. ఎండకు తలుపులు వేసుకునే వీధి, ఎండ తగ్గాక కూడా తలుపులు తీయడం మానేసింది. మావయ్య మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పేపరు ఒళ్ళో ఉండేది, చదివేవాడు కాదు.

అలాంటి ఒక ఆదివారం, పొద్దు వాలుతుండగా, వీధి చివర పిల్లల కేకలు వినిపించాయి. ఇంతమంది పిల్లలు ఒక్కసారిగా బయటికి రావడమే చిత్రం. చూస్తే వాళ్ళ మధ్యలో నకాబ్ భయ్యా నడిచి వస్తున్నాడు. పాత గొడుగు గుడ్డలు అతికి కుట్టిన నల్లటి దుస్తులు, ముఖానికి నల్ల ముసుగు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. బహురూపియా. మన వైపు పగటివేషగాళ్ళ లాగే వీళ్ళు రోజుకొక వేషం కట్టుకుని వీధులు తిరుగుతారు, బియ్యమో పైసలో పెడితే తీసుకుంటారు. ఏ పల్లె నుంచో కొత్తగా వచ్చి ఉంటాడు. ఇక్కడి పుకారు అతనికి తెలియదు. పిల్లలకి సంచిలోంచి మరమరాల ఉండలు ఇస్తున్నాడు.

మా ఇంటి ఎదురుగా ఉన్న పిట్టగోడ ఎక్కాడు. చేతులు చాపాడు. దూకబోయి ఆగి, కిందకి చూసి, "హటో బాబూ, హటో" అని పిల్లల్ని పక్కకి జరగమన్నాడు. అందరూ జరిగాక అప్పుడు దూకాడు.

చాలా నెలల తర్వాత మావయ్య నవ్వడం ఆ రోజు చూశాను. "చూశావటే. మొదటివాడు. అచ్చం మొదటివాడే" అన్నాడు. నన్ను లోపలికి పంపి చెంబుతో నీళ్ళు తెప్పించాడు. గేటు దగ్గరే ఆ మనిషికి నీళ్ళు ఇచ్చాడు. నలుగురిలో నువ్వే బాగా చేశావు అని హిందీలో చెప్పాడు. అతనికి ఏమీ అర్థంకాక నవ్వాడు. ముసుగు కొంచెం పైకి లాక్కుని నీళ్ళు తాగాడు. నడివయసు మనిషి, గడ్డం నెరిసింది.

వాళ్ళు రెండు వైపులనుంచీ వచ్చారు. అయిదారుగురు. నల్ల రుమాళ్ళు, హాకీ కర్రలు. వాళ్ళ వెనక వీధిలోని పెద్దవాళ్ళు, నాకు బాగా తెలిసిన ముఖాలు. ఒకామె పరిగెత్తుకొచ్చి తన పిల్లని లాగేసుకుంది. పిల్ల చేతిలోని మరమరాల ఉండని విసిరికొట్టింది. "యహీ హై" అని ఎవరో అరిచారు. వీడే.

ఆ మనిషి ముసుగు తీసెయ్యాలని చూశాడు. ముడి బిగుసుకుపోయింది, ఎంత లాగినా ఊడిరావడం లేదు. "మోలా ఝన్ మారవ బాబూ" అన్నాడు, నన్ను కొట్టొద్దు బాబూ అని. మొదటి దెబ్బ అతని భుజం మీద పడింది. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడు వచ్చింది. చెంబు రోడ్డు మీద దొర్లింది.

మావయ్య గేటు లోపలే ఉన్నాడు. ఆయన కదలలేదు. నేను ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఆయనే దీన్ని పదేపదే తలుచుకునేవాడు. మొదటి దెబ్బ పడ్డప్పుడు ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చూపు కర్ర పట్టుకున్న చేతుల మీద ఉంది. కర్ర పొడుగునా బొటనవేలు చాపి పట్టుకుంది ఆ చేయి. చిన్నప్పుడు క్రికెట్ బ్యాటు అలా పట్టుకుంటే వేలు విరుగుతుందిరా అని ఆయన ఎన్నిసార్లు సరిచేశాడో నాకూ తెలుసు.

కర్ర మళ్ళీ పైకి లేచింది. మావయ్య గేటు తోసుకుని వెళ్ళి ఆ కింద నిలబడ్డాడు. దెబ్బ ఆయన ముంజేతి మీద పడింది. రెండో చేత్తో ఎదుటివాడి రుమాలు కిందికి లాగాడు.

బావ. తన చేతిలో కర్రని చూసుకున్నాడు, అదెవరిదో అన్నట్టు.

మావయ్య అతని భుజం పట్టుకుని జనం వైపు తిప్పాడు. పెద్దగా అనలేదు గానీ వీధంతా వినిపించింది. "యే మేరా బేటా హై" అన్నాడు. ఇతను నా కొడుకు, ఈ దెబ్బ ఇతనే కొట్టాడు, మిగిలినవాళ్ళు కూడా ముఖాలు చూపించి వచ్చి కొట్టండి అని హిందీలోనే చెప్పాడు.

ఎవరూ రాలేదు. ఒక రుమాలు వెనక్కి తగ్గింది. తర్వాత ఇంకొకటి. పెద్దవాళ్ళు, తాము ఊరికే చూడ్డానికి వచ్చినట్టు, ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. అత్తయ్య వచ్చి రోడ్డు మీద కూర్చున్న ఆ మనిషి ముసుగు ముడిని పళ్ళతో విప్పింది.

మావయ్యా, ఆ మనిషీ, బావా ముగ్గురూ ఒకే రిక్షాలో ఆసుపత్రికి వెళ్ళారు. మావయ్య చేతికి పిండికట్టు, బహురూపియా భుజానికి కట్టు. భుజం కుదురుకునేదాకా ఆ మనిషిని మావయ్య ఇంట్లోనే ఉంచుకున్నాడు. ముందుగదిలో ఇద్దరూ చెరో కట్టుతో కూర్చునేవారు. బావ ఇద్దరికీ అన్నం కలిపి పెట్టేవాడు, చొక్కా గుండీలు పెట్టేవాడు. మావయ్య బావని ఒక్క మాట అనలేదు. "కొంచెం నీళ్ళు", "పక్కకి జరుపు", అంతే. ఆ ఇంట్లో గిన్నె కిందపడినా అందరం ఉలిక్కిపడేవాళ్ళం.

బహురూపియా ఊరెళ్ళిపోయే రోజు మావయ్యకి దణ్ణం పెట్టి, బావ ముందు ఆగాడు. బావ తలెత్తలేదు. అతను సంచి భుజానికి, బాగున్న భుజానికి, వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా వైపు ఎప్పుడూ రాలేదు.

వీధి మావయ్యని క్షమించలేదు. దొంగని కాపాడాడని కొందరు, కన్నకొడుకుని నలుగురిలో నిలబెట్టాడని కొందరు. సంఘంలో సినిమాలు వేసే పని వేరేవాళ్ళకి ఇచ్చారు. ఎదురుపడితే నమస్కారం పెట్టేవాళ్ళు చేతులు జేబుల్లో పెట్టుకునేవారు. చాలాకాలం మావయ్య ఇంటి గేటు మీద పొద్దున్నే ఒక నల్ల రుమాలు కట్టి ఉండేది. మావయ్యే విప్పి మడిచి పక్కన పెట్టేవాడు.

నాకూ బావకీ పెళ్ళి చేయాలని పెద్దవాళ్ళకి మొదటినుంచీ ఉంది. ఆ ఏడే మా నాన్న ఆ మాట కదిపాడు. మావయ్య నన్ను పెరట్లోకి పిలిచాడు.

"వాడు నా కొడుకు. వాడికి మంచి జరగాలనే ఉంటాది నాకు. కానీ ఆ రోజు నువ్వూ అక్కడున్నావు. నాకోసం ఒప్పుకోకు" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఆ సంగతి బావకి మావయ్యే చెప్పాడు. నా మీదకి ఎవరి మాటా రానివ్వలేదు. బావ కూడా నన్ను ఎప్పుడూ ఒక్క మాట అడగలేదు.

ఇన్నేళ్ళలో మావయ్య చేసినదాన్ని ధైర్యం అన్నవాళ్ళని చూశాను, పొగరు అన్నవాళ్ళనీ చూశాను. ఆయన మాత్రం రెండూ ఒప్పుకునేవాడు కాదు. నాలుగైదేళ్ళ క్రితం నేను భిలాయి వెళ్ళినప్పుడు, మంచం మీద కూర్చుని, హఠాత్తుగా అన్నాడు.

"ఆ చెయ్యి మనవాడిది కాకపోయుంటే నేను గేటు దాటేవాణ్ణంటావా?"

"దాటేవాడివి మావయ్యా."

"ఏమో. మొదటి దెబ్బకి దాటలేదు కదే. ఆ వేషగాడి భుజం విరిగాకే కదిలాను. అప్పుడైనా పక్కింటి కుర్రాడి చెయ్యయితే కదిలేవాణ్ణో లేదో. ఎంత ఆలోచించినా తెలీడంలేదు."

ఆ ప్రశ్నకి ఎవరు జవాబు చెప్పినా ఆయన నమ్మేవాడు కాదు. తనని తాను అంత కఠినంగా అడిగిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. నాకు తెలిసిన కొంచెం నిజాయితీ ఆయన దగ్గర నేర్చుకున్నదే.

బావ తర్వాత వేరే ఊళ్ళలో ఉద్యోగం చేశాడు. అత్తయ్య పోయాక తిరిగి వచ్చేశాడు. తండ్రికి స్నానం, మందులు, గడ్డం, అన్నీ తన చేత్తోనే.

పదోరోజు కర్మ అయ్యాక సాయంత్రం ఇద్దరం డాబా మీద నిలబడ్డాం. బావ తల గుండు చేయించుకున్నాడు. అరవై దాటిన మనిషి, ఆ గుండుతో చిన్నపిల్లవాడిలా ఉన్నాడు.

"ఒక్కసారైనా తిట్టలేదే ఆయన. తిడితే బాగుండేది" అన్నాడు.

నేనేదో చెప్పబోతుంటే, స్మృతి నగర్ మలుపు దగ్గర పెద్ద చప్పుడు, ఆ వెంటే అరుపులు. ఆటో ఒకటి స్కూటర్ని గుద్దింది. స్కూటరు మనిషి లేచి నిలబడ్డాడు, అతనికి ఏమీ కాలేదు. కానీ అప్పటికే జనం ఆటో చుట్టూ మూగారు. డ్రైవరుని కాలరు పట్టి బయటికి లాగుతున్నారు. వాడు పల్చటి కుర్రవాడు, చేతులు జోడిస్తున్నాడు. దుకాణాల్లోంచి ఇంకా మనుషులు వస్తున్నారు. ఎవరో బెల్టు తీస్తున్నాడు.

పక్కకి తిరిగి చూస్తే బావ లేడు. మెట్ల మీద చెప్పుల్లేని కాళ్ళ చప్పుడు వినిపించింది. మరుక్షణం వీధిలో కనిపించాడు, ఎవరి కోసమూ ఆగకుండా. నేను పిట్టగోడ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆ నల్లటి తలల మధ్యకి, వాలుతున్న ఎండలో, ఒక తెల్లటి గుండు దారి చేసుకుంటూ లోపలికి, ఇంకా లోపలికి వెళుతోంది.